వెంకటేశ్వరమ్మ తుమ్ము

వెంకటేశ్వరమ్మ వాకిట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. మిరప కోతలు మొదలయ్యాయంటే ఆ వీధంతా తుమ్ములే, ఎవరూ పట్టించుకోరు. వెంకటేశ్వరమ్మ తుమ్ము సంగతి మాత్రం వేరు. ఆమె తుమ్మిందంటే బయల్దేరినవాళ్ల కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. కాసిని నీళ్లు తాగాక, ఆమె మనస్ఫూర్తిగా "వెళ్లి రా" అంటేనే ఊడతాయి. ఆమె ముక్కు రుద్దుకోవడం చూస్తే ఆర్టీసీ డ్రైవరు ఇంజను ఆపేసి పేపరు తీసుకుంటాడు.

మనవరాలు ఉదయశ్రీ దగ్గరే వచ్చింది చిక్కంతా. అమ్మానాన్నలు తుళ్లూరు వైపు భవనాల పనులకు పోతే, ఆ పిల్ల నాయనమ్మ చేతుల్లోనే పెరిగింది. డిగ్రీ అయ్యాక రెండుసార్లు ఇంటర్వ్యూకి బయల్దేరింది. రెండుసార్లూ నాయనమ్మ తుమ్మింది. నోరు "వెళ్లి రా" అంటూనే ఉంది, మనసే అనలేదు. పాపం ఆ పిల్ల సాయంత్రందాకా గుమ్మంలోనే నిలబడి, అన్నం కూడా అక్కడే తింది.

ఈసారి అలా కుదరదు. ఉదయశ్రీలాంటి పిల్లల శిక్షణకి మహిళా సంఘం తన హాలు ఇచ్చింది. కోల్డ్ స్టోరేజీల వాళ్లు కంప్యూటర్లు కొనిచ్చారు. పేట టౌనులోని స్పిన్నింగు మిల్లు మనిషిని పంపి, నూలు నాణ్యత పరీక్షించడం నేర్పించింది. నేర్చుకున్న పిల్లలకు ఇవాళే మిల్లులో ఇంటర్వ్యూ. రానివాళ్ల చోటు అద్దంకి పిల్లలకు పోతుంది.

సంఘం లీడరు అమీర్‌బీ మిల్లు వ్యాను దిగి నేరుగా వచ్చేసింది.

"పెద్దమ్మా, ఇవాళ తుమ్మావంటే ఊరుకోను!"

"నేనేమన్నా కావాలని తుమ్ముతున్నానా ఏందే?"

ఉదయశ్రీ చెప్పులేసుకుంది. వెంటనే నాయనమ్మ ముక్కు జిలజిలలాడింది. ఆమె కొంగుతో ముక్కు మూసి, ఊపిరి బిగబట్టి, కళ్లమ్మట నీళ్లు కారుతున్నా అలాగే నిలబడింది. వ్యాను కదిలింది. మలుపు తిరిగేది చూద్దామని వీధిలోకి అడుగేసిందో లేదో, ఆపుకున్న తుమ్ము కాస్తా వచ్చేసింది.

వ్యాను అప్పటికే మలుపు దాటిపోయింది, ఇక బయల్దేరింది తానే కాబట్టి తన కాళ్లే అతుక్కున్నాయి. పక్కింటి యలమంద కుర్చీ వేసి, గొడుగు కట్టి, మిరపకాయల బుట్ట దగ్గరికి జరిపాడు. వీధిలోనే తొడిమలు తీసుకుంటూ కూర్చుంది. ఎవరు నీళ్లిచ్చినా కాళ్లు రాలేదు.

సాయంత్రం వ్యాను ఆగీ ఆగకముందే ఉదయశ్రీ దూకింది.

"నాయనమ్మా, ఉద్యోగం వచ్చింది! సోమవారం నుంచే. హాస్టల్లో ఉండాలంట."

సంతోషమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి వెంకటేశ్వరమ్మకి.

"లోపలికి పద మరి నాయనమ్మా."

"ఎక్కడికే, కాళ్లు రావట్లా."

ఉదయశ్రీ చెంబుతో నీళ్లు తెచ్చి తాగించింది. అయినా రాలేదు. తనని పంపడానికి ముసలామె మనసింకా ఒప్పుకోలేదని అర్థమై, నాయనమ్మ కాళ్ల దగ్గర కూలబడింది.

"ఆదివారం ఆదివారం వస్తాగా నాయనమ్మా. ఒక్కసారి మనసులోంచి అను."

ముసలామె చాలాసేపు ఆ తల నిమిరింది. రోజూ తాను దువ్వి జడేసే తల. సోమవారం నుంచి ఆ జడ ఎవరేస్తారో అనుకుంది. పిల్ల మొహంలోకి చూసింది. పొద్దుటి నుంచీ తిండి లేకపోయినా అది వెలిగిపోతోంది.

"వెళ్లి రా తల్లీ," అంది.

ముందు కుడికాలు ఊడింది, తర్వాత ఎడమకాలు. ఆమె తిన్నగా వంటింట్లోకి నడిచి, అటక మీంచి పండుమిర్చి పచ్చడి జాడీ దించింది.

"హాస్టల్లో కూరలు చప్పగా ఉంటాయంట," అంటూ సీసాకి ఎత్తడం మొదలుపెట్టింది.