ఖాళీ పేజీల బిల్లు

మధ్యాహ్నం రెండు దాటినా అక్క భోజనానికి లేవలేదు. స్కానరు ముందు నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నాయి. లా ఆఫీసు కింది అంతస్తులో పంతొమ్మిదేళ్లుగా ఆమె పని ఇదే: కేసు కాగితాలు స్కాన్ చేసి, వరసగా నంబర్లు వేయడం. మేడమీది లాయర్లంతా నోరారా అక్కా అనే పిలుస్తారు. జీతం పెంచమంటే మాత్రం ఒక్కరికీ చుట్టరికం గుర్తుకురాదు.

ఇన్నాళ్లూ ఈ సెక్షను ఆఫీసు ఖర్చులో భాగం. కొత్త మేనేజరు వచ్చి, ఇదీ లాభం తేవాల్సిందేనన్నాడు. ఇక పేజీకింతని కక్షిదారు దగ్గరే వసూలు. ఒక్క పేజీ రేటు అక్క గంట జీతంలో సగం. చాటున అందరూ ఆయన్ని మీటరు అంటారు.

స్కానరు కాగితానికి రెండువైపులా తీస్తుంది. వెనకవైపు ఖాళీగా ఉంటే అక్క ఆ పేజీ తీసేస్తుంది. ఆ పనిలో మొదటిరోజు నేర్చుకునేదే అది.

ఇవాళ్టి కేసు ఒక తాపీమేస్త్రీది. పరంజా కూలి కుడిచెయ్యి పోయింది. రాబోయే పరిహారంలోంచే ఈ బిల్లు కోసుకుంటారు. అతను పక్క బల్ల దగ్గర నిలబడి, స్కానయిన ఆస్పత్రి కాగితాలను తిరిగి కట్టుకుంటూ, ముడి బిగించలేక పళ్లతో లాగుతున్నాడు.

మీటరు దిగివచ్చి తెర మీది లెక్క చూశాడు: మూడు వేల పద్నాలుగు. "మూడు వేల కాగితాలకి ఆరు వేల పేజీలు రావాలిగా?"

"వెనకవైపు రాత ఉన్నవి పద్నాలుగే. మిగతావి ఖాళీవి సార్. తీసేశాను."

"ఎవరు తీయమన్నారు? మళ్లీ పెట్టండి. మిషను స్కాన్ చేసిందంటే అది పేజీయే."

"అందులో ఏమీ లేదు కదా సార్!"

"ఏముందో మీకెందుకమ్మా? ఈ నెల లాభం చూపించకపోతే ఈ పని బయటివాళ్లకిచ్చేస్తారు. ముందు పోయేది మీ ఉద్యోగమే. మీ మంచికే చెప్తున్నా."

ఆ మంచి ఎవరిదో అక్కకు తెలియనిది కాదు. ఇంట్లో మంచం పట్టిన భర్త, ఆమె జీతం మీదే నడిచే మందులు. అయినా ఒళ్లు మండింది.

మీటరు ధ్రువపత్రం ముందుకు తోశాడు. ఆరు వేల పేజీలూ స్వయంగా సరిచూశానని అందులో ఉంది. కింద ఆమె సంతకం లేనిదే బిల్లు కదలదు.

అక్క పెన్ను తీసి ఆరు వేలు కొట్టేసింది. పక్కన మూడు వేల పద్నాలుగు అని రాసి సంతకం చేసింది.

"తలకాయ పనిచేస్తోందా మీకు?"

"బాగానే పనిచేస్తోంది సార్. ఖాళీ కాగితాలు సరిచూశానని నేను రాయను. బిల్లు మారుస్తారో, నన్నే మారుస్తారో మీ ఇష్టం."

మీటరు పత్రం కోసం చెయ్యి చాచాడు. అక్క మేస్త్రీ వైపు తిరిగింది.

"అన్నా, ఇది దగ్గరుంచుకో. ఇంతకన్నా ఒక్క పేజీ ఎక్కువేసినా ఇవ్వనని చెప్పు."

పత్రం మేస్త్రీ ఎడమచేతిలో పెట్టింది.