మూసల గోడ

ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో, డాన్ నది ఒడ్డున ఉన్న పాత ఉక్కు కర్మాగారంలో తవ్వకాలు మొదలైన నాటినుండి పురావస్తు శాస్త్రవేత్త మ్యూరియెల్ స్టాన్‌ఫోర్త్‌కు మట్టి మీద గౌరవం పెరిగింది. మట్టి తనకు తెలియని సంగతిని తెలిసినట్లు చెప్పదు. ఆ స్థలంలో ఫ్లాట్లు కట్టబోయే కంపెనీ నియమించిన 'వారసత్వ సలహాదారు' టోబీ ఫెన్‌విక్‌కు ఆపాటి సంస్కారం లేదు.

కొలిమి కింది నేలమాళిగలో ఒక గోడ బయటపడింది. ఇటుకలు కావు, మట్టి మూసలు, అంటే ఉక్కు కరిగించే కుండలు. నోళ్ళు బయటికి పెట్టి వరుస మీద వరుసగా పేర్చినవి. ఉక్కు కరిగించే మూస మూడు కరిగింపులకే అరిగిపోతుంది. నాలుగోసారికి ఆశపడితే పగిలి, ఉక్కంతా నిప్పులపాలు చేస్తుంది. కనుక షెఫీల్డ్‌లో మూడోసారి కాగానే దాన్ని పారవేసేవారు. పారవేసిన వాటితో గోడలు కట్టుకునేవారు. ఊరకే దొరికేదాన్ని వదిలి ఇటుక కొనే తెలివితక్కువతనం వాళ్ళకు లేదు. అందులో ఉన్న రహస్యం అంతే.

టోబీకి అది చాలలేదు. సందర్శకుల దినాన గోడ పక్కన 'అగ్నికి సమర్పణ?' అని బోర్డు పెట్టాడు. ప్రశ్నార్థకం ఉంది కనుక అది అబద్ధం కాదని అతని వాదన. భూగోళం మీద తామెక్కడ నిలబడ్డారో జేబులోని ఫోను చెబుతుంటే నడిచే జనం వచ్చి, పారేసిన ఆ కుండల నోళ్ళలో కొవ్వొత్తులు వెలిగించి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. కళ్ళు తెరిచి చూసినవాళ్ళు తక్కువ.

ఆ గోడ నిలవాలని మ్యూరియెల్ కోరిక. నగర ప్రణాళికాధికారి డెనిస్ హాగ్ దాన్ని 'అరుదైనది' అంటే నిలుస్తుంది. అనకపోతే కార్ల పార్కింగ్ కోసం పెకలిస్తారు. ఆయన ఆ మధ్యాహ్నమే రాబోతున్నాడు.

"ఇవాళ ఒక్కరోజు మీ సైన్సుకి సెలవివ్వండి మేడమ్," అన్నాడు టోబీ. "ఇది పూజ కోసం కట్టిందా అని ఆయన అడిగితే 'కావచ్చు' అనండి, చాలు. గోడ మీద గాజు పరిచి, పైన బార్ పెడతాం. మీ గోడా బతుకుతుంది."

"బారుకి పేరు కూడా పెట్టేశావా?"

"అగ్నిపీఠం. ఎలా ఉంది?"

"సారాకొట్టుకి పీఠమా! మరి పూజారివి నువ్వేనా నాయనా?"

"నవ్వండి, నవ్వండి. మీ నిజం ఒంటరిగా నిలబడితే దాని మీద కార్లు ఆపుకుంటారు."

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. పై వరుసలో ఒక మూస అంచున, మట్టి పచ్చిగా ఉన్నప్పుడు పడిన బొటనవేలి ముద్ర ఉంది. దానికోసం 'కావచ్చు' అనకూడదా? ఏదైనా కావచ్చు. అర్థంకాని ప్రతి వస్తువుకూ 'పూజాద్రవ్యం' అని చీటీ అంటించడం ఆమె వృత్తిలోనే పాత రోగం. 'కావచ్చు' అబద్ధమేమీ కాదు. అబద్ధానికి అద్దెకిచ్చిన ఇల్లు, అంతే.

డెనిస్ హాగ్ పసుపుపచ్చ టోపీతో, సగం తిన్న బేకన్ రొట్టెతో దిగి వచ్చాడు. "ఇదేనా అమ్మా ఆ గుడి? మా ఆవిడ కూడా వచ్చి కొవ్వొత్తి పెట్టి వెళ్ళింది. మోకాలి నొప్పి తగ్గిందంటోంది."

"చాలా సంతోషం. ఆవిడ కొవ్వొత్తి పెట్టింది పనికిరాదని పారేసిన కుండలో."

టోబీ దగ్గాడు. హాగ్ నమలడం ఆపాడు. "అంటే పూజ గీజ ఏం లేవా?"

"లేవు. చెత్తతో కట్టిన గోడ. అందుకే ఉంచమంటున్నాను. వాళ్ళెలా పనిచేశారో, ఎంత పొదుపుగా బతికారో ఇంత తిన్నగా చెప్పే సాక్ష్యం ఇంకేం కావాలి?"

"ఇలాంటివి ఊళ్ళో ఇంకా ఉన్నాయా?"

లేవంటే సరిపోయేది. "ఉన్నాయి. ఏటేటా తగ్గిపోతున్నాయి."

"అయితే అరుదు కాదన్నమాట!" హాగ్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "ఫోటోలు తీసుకోండి, కొలతలు రాసుకోండి, తీసెయ్యండి. ఒకటి మ్యూజియానికి పంపండి." నిచ్చెన ఎక్కుతూ, ఇక మోకాలి సంగతి ఇంట్లో ఎలా చెప్పాలో అని గొణుక్కున్నాడు.

"గోడని మీ చేతుల్తో మీరే చంపుకున్నారు," అన్నాడు టోబీ.

"పోయేది గోడ ఒక్కటే. నీ మాట వింటే, గోడ ఉండి, దాన్ని కట్టినవాళ్ళు పోయేవాళ్ళు. వాళ్ళ స్థానంలో నువ్వు కల్పించిన వెర్రివాళ్ళు మిగిలేవారు."

ఆమె మూసలన్నిటినీ కొలిచి గీసింది. బొటనవేలి ముద్ర ఉన్నదాన్ని సున్నం గీకి తనే ఊడదీసి, పెట్టెలో పెట్టి, చీటీ రాసింది: 'మూస. వాడి పారవేసినది. తరువాత గోడలో ఇటుకకు బదులు పెట్టినది.'

టోబీ భుజం మీదుగా చదివాడు. "ఇంతేనా? ఇది చదవడానికి ఎవరొస్తారు?"

"నువ్వు రావు," అని ఆమె పెట్టె మూత బిగించి, మరో మూస ఊడదీయడానికి గోడ వైపు తిరిగింది.