వాడిల్ అంటే ఎవరి నడక

హైదరాబాద్ నుంచి ఉద్యోగానికి వచ్చిన యశ్వంత్, మలేషియాలోని ఇపో పట్టణంలో తెలుగు సంఘం హాలులో ఆదివారాలు ఇంగ్లీషు క్లాసు చెప్పేవాడు. తాను ఉచితంగా చెబుతున్నానని వారం వారం గుర్తు చేసేవాడు కూడా.

ఆ రోజు "వాడిల్" అనే మాట చెప్పాడు. "బాతులా అటూ ఇటూ ఊగుతూ నడవడం" అని వివరించాడు. అప్పుడే క్లాసులో ఉన్న మనవరాలు సుగంధికి టిఫిన్ ఇవ్వడానికి నరసమ్మ లోపలికి వచ్చింది. రబ్బరు తోటలో విరిగిన ఆమె తుంటి సరిగా అతకలేదు.

"అదిగో, అలా!" అని యశ్వంత్ ఆమెను చూపించాడు. క్లాసులో ఇద్దరు నవ్వారు.

సుగంధి ఫోన్‌లో అర్థం వెతికి లేచి నిలబడింది. "సార్, బాతులకీ, నడక నేర్సే పిల్లలకీ వాడతారంట. పెద్దోళ్లని అలగంటే ఎగతాళంట. మీకిది తెల్దా?"

"ఏటంటన్నాడే?" అంది నరసమ్మ.

"నీది బాతు నడకంట, మామ్మా."

నరసమ్మ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "ఈ కాళ్లతోనే రోజుకి నాలుగొందల రబ్బరు సెట్లు గీసినాను. నవ్వడానికి ఈ సదూకున్న బాబుకి ముసల్దాని నడకే దొరికినాదా?"

నవ్విన ఇద్దరూ తల దించుకున్నారు. యశ్వంత్ గబగబా బోర్డు తుడిచాడు. మొదటి క్లాసులోనే అందరికీ నేర్పిన "సారీ" మాత్రం అతని నోట రాలేదు.