దించని టిక్కీ

పొద్దున్నే మిరపకాయల యార్డుకు వెళ్ళేముందు నాగూర్ వలి చేసే మొదటి పని, కూతురు సాజిదా వీపు మీదికి టిక్కీ ఎత్తడం. నలభై కిలోల మిరపకాయల బస్తా. దాంతో అరవై గుంజీళ్ళు తీసి, ఆ తర్వాత తాడు కట్టిన లారీ టైరు లాగుతుంది. పడవ పందెమంటే అంతా చేతుల్లోనే ఉందనుకుంటారుగానీ, బలమంతా తొడల్లో ఉంది. ఆ సంగతి హమాలీకి ఒకరు చెప్పాలా?

ఇవాళే అమరావతి దగ్గర కృష్ణలో పడవ పందేల సెలక్షన్. నెగ్గితే రాష్ట్ర జట్టు, హాస్టలు. లేదంటే మళ్ళీ మిరపకాయల తొడిమలు తీయడమే. పందెం రోజు బరువు ముట్టొద్దని కోచ్ అఖిల మరీమరీ చెప్పింది. కానీ హమాలీ ఇంట్లో ఊరికే కూర్చోవడం ఎవరికి చేతనవుతుంది?

"ఒక్కసారి ఎత్తు నాన్నా."

ఎత్తాడు. పిల్ల మోకాళ్ళు వంగిపోయాయి. నిన్నటి నలభై కిలోల టిక్కీ ఇవాళ ఎనభైకి తక్కువ లేదు.

"ఎంత భయం పెట్టుకున్నావే తల్లీ!" అన్నాడు నాగూర్ వలి.

యార్డులో అందరికీ తెలిసిందే. మోసేవాడి దిగులు టిక్కీలోకి దిగి దాని బరువు పెంచుతుంది. వేరేవాడు ఎత్తుకుంటే, నేలకు దించేదాకా ఆ దిగులు వాడిదే. దించాడా, తిరిగెళ్ళి అసలు మనిషిని పట్టుకుంటుంది. ఇంట్లో పిల్లలకు జ్వరమొచ్చిన హమాలీ టిక్కీని పక్కవాడు మోసిపెట్టడం అక్కడి రివాజు.

"ఇలా ఇచ్చి నువ్వు బస్సెక్కు."

"పదింటికి నాన్నా పందెం. అందాకా మోస్తావా?"

"రోజూ చేసేదేగా. పో, పో."

తేటపడిన ముఖంతో సాజిదా వెళ్ళిపోయింది. అతను టిక్కీతోనే యార్డుకు నడిచాడు.

పదైంది. ఫోను రాలేదు. పదిన్నరకు అఖిల చేసింది. "గాలి ఎక్కువగా ఉందండీ, పన్నెండు దాటుతుంది. సాజిదా మాత్రం ఎంత నిబ్బరంగా ఉందో!"

ఎందుకుండదూ? వణుకంతా ఇక్కడుంటే! ఓడిపోతుంది, పడవ తిరగబడుతుంది, మళ్ళీ ఆ ఘాటులో పడి దగ్గుతుంది. పదకొండున్నరకు నాగూర్ వలి మోకాలొకటి నేలకానింది.

"ఒరేయ్ వలీ, దించకు!" తోటి హమాలీ రంజాన్ పరుగెత్తుకొచ్చి వీపు పెట్టాడు. తర్వాత అబ్దుల్లా, ఆ తర్వాత ఇంకొకడు. కాటాల దగ్గర పనాగిపోయింది. మోసినవాడల్లా "అమ్మో, పిల్ల ఏమవుతుందో" అంటూ చెమటలు కక్కాడు. చివరికి టిక్కీ మళ్ళీ నాగూర్ వలి వీపుకే చేరింది.

పన్నెండుంబావుకు ఫోను మోగింది.

"నాన్నా, నెగ్గాను! ఇంక దించెయ్!"

"ఆగమ్మా. పడవ దిగావా? ఒడ్డు మీదే ఉన్నావా?"

"ఉన్నాను."

అప్పుడు దించాడు. మరుక్షణం ఫోనులో సాజిదా బావురుమంది.

"ఏడువమ్మా, ఏడువు," అన్నాడు నాగూర్ వలి నడుం పట్టుకుంటూ. "ఇప్పుడేం పర్లేదు."