నల్ల డాలరు

అక్షరాలు తప్పుంటే మన్నించండి. ఒక్కొక్క మాటకు నాకు చాలాసేపు పడుతది. రాసి, వేలు పెట్టి చదువుకొని, మళ్ళా రాస్తున్న.

చింతపండు పులుపు వాసన.
తడి వెండి వాసన.
నా వేళ్ళకు నలుపు...

పండుగ వస్తే వెండి తోమాలె. చింతపండుతో ఒకసారి, విభూతితో ఒకసారి. మా అమ్మ తోమింది, మా అత్త తోమింది.
నలుపంటే మాకు మురికి.
నలుపంటే ఇల్లాలి సోమరితనం.

ఆయనకు గట్ల కాదు.

పేరు నోటితో అనను. రాయొచ్చునేమో — సంగప్ప. పటాన్‌చెరులో ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేండ్లు చేసిండు. అక్కడి ఆఫీసరు నరసింహమూర్తి సారు ఒకనాడు ఆయనకు తన దగ్గరున్న ఒక బిళ్ళ చూపించిండు. అమెరికా దేశం కొత్తగా పుట్టినప్పుడు కొట్టిన వెండి డాలరు. ఒక దిక్కు జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, చుట్టూ చుక్కలు. ఇంకో దిక్కు గద్ద.

"అంచు మీద గూడ అక్షరాలు ఉన్నయే!" అని ఆ దినం అన్నం ముందట కూసొని, తినకుండ చెప్పిండు.

ఇగ అంతే.

సంగారెడ్డి పాత వెండి దుకాణాలు. హైదరాబాదు ఆదివారం అంగడి. పద్నాలుగేండ్లు తిరిగిండు. ఆరు బిళ్ళలు తెచ్చిండు. ఆరూ నకిలీవే. ఒకటి బరువు తక్కువ. ఒకటి అయస్కాంతానికి అతుక్కున్నది.

"ఏందయ్యా, మళ్ళా రేకు బిళ్ళనా? మెడల కట్టుకో, గంగిరెద్దు లెక్కుంటవ్," అని నేను నవ్వేది.
"నవ్వు, నవ్వు. ఒక్కటి దొరకనియ్యి."

ఒక్కటి. ఏటా చలికాలం పాత నాణేలోళ్ళు హైదరాబాదులో కూడుతరు. బల్లల మీద బిళ్ళలు, పక్కన పేర్లు. ఆయన చేతులు వెనక్కి కట్టుకొని చూసి వచ్చేది. ఆ బల్ల మీద తన బిళ్ళ ఒకటి ఉండాలె. పక్కన తన పేరుండాలె.
గదే ఆయన కోరిక.

ఏడోది తెచ్చినప్పుడు నాకు చెప్పలేదు. అప్పటికే ఊపిరి ఆడుతలేదు ఆయనకు. డబ్బీలో పెట్టి, మీద ఒక చీటీ పెట్టి, అల్మారాలో దాచిండు.

దీపావళి వచ్చింది. ఆయన దవాఖానకు పోయిండు. నేను ఇంట్లో వెండంతా తీసిన. డబ్బీ కూడా తీసిన. బిళ్ళ నల్లగున్నది.
చీటీ పక్కన పెట్టిన. నాకది ఉత్త కాయితమే.
ఈసారి నవ్వొద్దు అనుకున్న. ఆయన బిళ్ళను నేనే మంచిగ చేస్త అనుకున్న.

తోమిన.
జుట్టు మెరిసింది. గద్ద రెక్కలు మెరిసినయి. చుక్కలు ఒక్కొక్కటే పొడిచినయి...
లక్ష్మి ముందట పెట్టిన.

ఆయన వచ్చి చూసిండు.
చానాసేపు చూసిండు.
"మంచిగున్నదా?" అన్న.
"మంచిగున్నది," అన్నడు.

మరునాడు నరసింహమూర్తి సారు చూడవచ్చిండు. తూకం వేసిండు. భూతద్దం పెట్టి అంచు తిప్పి తిప్పి చూసిండు.
"అసలుదే, సంగప్పా!"

ఆయన మొకం — పెండ్లినాడు కూడా నేనట్ల చూడలేదు.

"కానీ దీన్నెవరయ్యా తోమింది? రెండు వందల ఏళ్ళుగా పట్టిన నలుపు, దాని చర్మం, ఒలిచేశారు. సభలో పెడితే నవ్వుతారయ్యా."

నేను ఛాయ్ పట్టుకొని గడపలో ఉన్న.

"నేనే సార్," అన్నడు ఆయన.
"నువ్వా! నా బిళ్ళ దగ్గర తుమ్మితేనే కసిరేవాడివి!"
"నేనే. బుద్ధి లేక."

సారు నా నల్లబడ్డ వేళ్ళ దిక్కు చూసిండు. ఛాయ్ అందుకున్నడు.

మాఘమాసంలో ఆయన పోయిండు. నన్ను ఒక్క మాట అనకుండనే పోయిండు.

ఆ తర్వాత అంగన్‌వాడీలో, చిన్నపిల్లల పక్కన కూసొని అక్షరాలు నేర్చుకున్న. నాలుగు నెలలకు ఆ చీటీ చదివిన.

ఇది అసలుది. తోమొద్దు.

నాకు చదువు రాదని ఆయనకు ఎరుకే. మరి ఎవరికి రాసిండు? నోటితో అంటే అయిపోతుండె. నేను నవ్వుతనని భయపడ్డడా... అందుకేనా, సారు అడిగితే తప్పు తన మీదేసుకున్నది?

సారుకు ఫోను చేసిన. నలుపు మళ్ళా వస్తదా అని అడిగిన.
"వస్తుందమ్మా. ముట్టుకోకుండా వదిలేయాలి. మీ ఊరి ఫ్యాక్టరీల పొగ గాలికి కాస్త తొందరగానే వస్తుందేమో. అయినా నలభై ఏళ్ళో, యాభయ్యో..."

గూట్లో పెట్టిన, గాలి తగిలేకాడ. పొద్దున లేచి చూస్త. అంచు దగ్గర జెర పసుపు తిరిగినట్టున్నది. నా కండ్లకేమో.

బిడ్డ తనుండే వెలిమెలకు రమ్మంటది. "ఆ పొగల ఏమున్నదే అమ్మా? ఇక్కడ గాలి మంచిగుంటది," అంటది.
వస్త బిడ్డా, అంటున్న.

మల్లవ్వ.
అరవై మూడేండ్లు.
ఇంకా పటాన్‌చెరులోనే.