బుల్లోడి గిన్నె

నాలుగు రోజులుగా బుల్లోడు నా చేతి అన్నం ముట్టడం లేదు.

బుల్లోడంటే అరవై అయిదు కిలోల బుల్‌మాస్టిఫ్ కుక్క. గిలకలదిండిలో మా ఐస్ ఫ్యాక్టరీ కాపలాకి మా ఆయన తాతారావు దాన్ని పిల్లగా ఉన్నప్పుడే తెచ్చారు. వేలాడే దవడలు, కారే చొంగ చూసి నేను దగ్గరికి వెళ్లేదాన్ని కాదు. నాతో కంటే దానితోనే ఆయన ఎక్కువ మాట్లాడతారని అప్పుడే కొంత కష్టంగా ఉండేది.

ఆయన పెద్దకర్మ అయ్యాక దాన్ని బందరులో మా ఇంటికి తెచ్చాను. కోడిమెడలు వేసి ఉడికించిన అన్నం పెడితే, గిన్నె ముందు కూర్చుని నా ముఖంలోకి చూసేది. చొంగ మడుగు కట్టేది. తినేది కాదు. జబ్బేమీ లేదని, ఇలాగే ఉంటే మాత్రం బతకదని పశువుల డాక్టరు చెప్పారు.

అయిదో రోజు వీరలక్ష్మి చూడటానికి వచ్చింది. చేపల బుట్టలోకి ఐస్ కోసం రోజూ ఫ్యాక్టరీకి వచ్చే మనిషి. బుల్లోడు లేచి వెళ్లి ఆమె కుచ్చిళ్లలో తల దూర్చింది. నా ఇంట్లో, నా ఎదుట. ఆమె గిన్నె మీదికి వంగి ఏదో గొణిగింది. నిమిషంలో గిన్నె ఖాళీ.

దానికేం మందు పెట్టావని అడగబోయి, ఏం చెప్పావని అడిగాను.

దొంగలు విషం పెడతారని, ఒక మాట అంటే తప్ప ఏదీ తినకుండా ఆయన నేర్పారట. ఆస్పత్రిలో చేరేరోజు, కుక్కకి పెట్టమని ఆమెకు ఆ మాట చెప్పి వెళ్లారట. ఆయన పోయేదాకా, ఇరవై రోజులూ అక్కడ మంచం పక్కన ఉన్నది నేను. నాకు చెప్పలేదు.

"ఏమిటా మాట?"

"మీకు తెలుసనుకున్నానండీ. మీ ముందు అనడానికి నోరు రావట్లేదు టీచరుగారూ."

"చెప్పు."

"దుర్గీ అనాలండీ."

బడిలో నేను లక్ష్మీదుర్గ మేడమ్‌ని. దుర్గీ అని ఆయనొక్కరే పిలిచేవారు, అదీ ఇంట్లోనే. ఆ పిలుపు ఆయనతోనే పోయిందనుకున్నాను. నెల పైగా అది వీరలక్ష్మి నోట ఉంది.

"వాడు నా మాట బాగా వింటాడండీ. నా దగ్గర ఉంచేసుకోనా?" అంది.

వద్దన్నాను.

సాయంత్రం గిన్నె పెట్టాను. ఇరవై ఆరేళ్లుగా పిల్లల పేర్లు పిలిచి హాజరు వేసే గొంతు నాది. నా పేరు మాత్రం నేనెప్పుడూ పిలుచుకోలేదు. వాడు ఓపిగ్గా చూస్తున్నాడు.

"దుర్గీ," అన్నాను.

వాడు గిన్నెలో మూతి పెట్టాడు. తిన్నంతసేపూ పక్కన నేలమీద కూర్చున్నాను.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లి, ఐస్‌కి వచ్చిన వీరలక్ష్మికి ఒక్కటే చెప్పాను, ఆ మాట ఇక అనవద్దని.