పన్నెండు కథల్లో లేనివాడు

మా గురువారం గుంపుకి ఉన్నవి రెండే నియమాలు. బతికున్న రచయితల కథలే చదవాలి. కొత్తగా వచ్చినవాళ్ళని ఎందుకొచ్చారని అడగకూడదు. రెండోది గుద్రున్ పెట్టింది. నలభై ఏళ్ళు బడిపిల్లల్ని ‘ఎందుకు చేశావ్, ఎందుకు చేశావ్’ అని అడిగి విసిగిపోయిందట, మిగిలిన కాలం ఎవర్నీ ఆ మాట అడగదట.

ప్రతి నెలా మొదటి గురువారం సాయంత్రం నాలుగింటికి గ్రంథాలయం వెనక గదిలో కలుస్తాం. ఆ గ్రంథాలయంలో నేను ఇరవై రెండేళ్ళుగా పని చేస్తున్నాను. నెలకో కథ జిరాక్సు తీసి అందరికీ ఇస్తాను. కాఫీ నాది, తినడానికి తెచ్చేది ఎవరి వంతు వస్తే వాళ్ళది. తొమ్మిదిమందిమి. ఎక్కువగా మాట్లాడేది మాత్రం గుద్రున్, పందుల ఫారం నడిపే ఓవె, ఈ ఇద్దరే.

వెర్నర్ క్విస్ట్ మొదటిసారి సెప్టెంబరులో వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. రేవులో పడవల ఇంజన్లు బాగుచేసేవాడని తెలుసుగానీ గ్రంథాలయంలో ఎప్పుడూ చూడలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, మైకెన్ రోస్‌హోల్మ్ రాసిన కథల పుస్తకం ఉందా అని అడిగాడు.

“ఉందండీ, కానీ మా గుంపు కోసం పక్కన పెట్టాం. ఫిబ్రవరిలో ఆవిడ కథ చదవబోతున్నాం. మీరూ రండి.”

“చదువు రానివాళ్ళు రావచ్చా?”

“మీకు చదవడం వచ్చు కదా?”

“ఇంజన్ పుస్తకాలు వచ్చు. అందులో ఏ మర ఎటు తిప్పాలో రాసుంటుంది. కథల్లో అలా రాయరుగా.”

నవ్వి, అక్టోబరు కథ చేతిలో పెట్టాను. పుస్తకం కోసం వచ్చినవాణ్ణి గుంపులోకి లాగింది నేనే.

వచ్చాడు. మొదటి రోజు మూల కుర్చీలో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. గుద్రున్ ఆయన పళ్ళెంలో రెండు దాల్చినచెక్క రొట్టెలు వేసి, “ఏమయ్యా వెర్నర్, నోరు తెరవడానికి తిండి ఒక్కటే కారణమా?” అంది. అందరం నవ్వాం. ఆయనా నవ్వాడు.

రెండో నెల మాట్లాడాడు. ఆ కథలో భర్తని వదిలి వెళ్ళిపోయిన మనిషి మర్నాడు గొడుగు మరచిపోయానంటూ తిరిగి వస్తుంది. అతను గొడుగు తెచ్చి ఇస్తాడు, ఆవిడ వెళ్ళిపోతుంది. ఆ మగవాడు ఎంత మర్యాదస్తుడో అని ఓవె అంటున్నాడు.

“మర్యాద కాదు,” అన్నాడు వెర్నర్. “ఆమె గొడుగు కోసం రాలేదు. వాడికి తెలుసు. తెలిసే గొడుగు తెచ్చిచ్చాడు.”

“పెద్దాయనా, ఇన్నాళ్ళూ ఎక్కడున్నావయ్యా?” అన్నాడు ఓవె.

అప్పట్నించి ఆయన చివర్న ఏమంటాడా అని ఎదురుచూసేవాళ్ళం. ప్రతి కథా మూడుసార్లు చదువుకుని వచ్చేవాడు. కాగితం అంచులన్నీ పెన్సిల్ గీతలు. డిసెంబరులో తన వంతు వస్తే, పొగబెట్టిన చేపలు తెచ్చి ముళ్ళు తీసి మరీ పెట్టాడు. ఆ రోజే అందరం కలిసి ఒక ఫోటో దిగాం. గుద్రున్ ఏదో అంటుంటే, వెర్నర్ మధ్యలో కూర్చుని నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

ఫిబ్రవరి వచ్చింది. మైకెన్ రోస్‌హోల్మ్ కథ చిన్నదే. తల్లీకూతుళ్ళు ఒక ఆదివారమంతా వంటిల్లుకి రంగు వేస్తారు. సాయంత్రానికి అలసిపోయి, రంగు చేతులతోనే కాఫీ తాగుతారు. అంతే కథ. మాలో కొందరు పుస్తకం మొత్తం చదివి వచ్చారు.

“ఒకటి గమనించారా?” అన్నాడు ఓవె. “పుస్తకంలో పన్నెండు కథలున్నాయి. అన్నిట్లో అమ్మ ఉంది. ఒక్కదాంట్లో కూడా నాన్న లేడు. చచ్చిపోయాడనో, వదిలేసి పోయాడనో, అదీ లేదు.”

“ఉండాలని ఎక్కడుంది?” అంది గుద్రున్. “అక్కర్లేని మనిషిని కథలో ఎవరు పెడతారు?”

“తిట్టడానికైనా పెడతారుగా.”

“తిట్టాలన్నా కాస్త అక్కర ఉండాలి ఓవె.”

వెర్నర్ కాగితం వైపే చూస్తున్నాడు. ఆయన వంతు వచ్చింది. “ఆ వంటింట్లో రెండు కుర్చీలని రాసింది. మూడుంటాయి,” అన్నాడు.

“ఎక్కడ రాసుంది?” అని ఓవె పేజీలు తిప్పాడు.

“రాసి లేదు.”

ఆయన ఎప్పుడూ అలాగే వింతగా మాట్లాడతాడనుకుని ఊరుకున్నాం. ఆ రోజే, మే నెలలో ఆ రచయిత్రిని మా ఊరికి పిలవాలని అనుకున్నాం. వెర్నర్ కూడా అందరితోపాటు తలూపాడు.

నేను ఉత్తరం రాశాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. ఆర్హూస్ నగరం నుంచి రైల్లో వస్తానని, చిన్న ఊళ్ళ గుంపులంటే ఇష్టమని ఎంతో ఆప్యాయంగా రాసింది. ఆ సంతోషంలో నేను డిసెంబరు ఫోటో పంపాను, కింద అందరి పేర్లూ రాసి. మిమ్మల్ని కలవాలని వీళ్ళంతా ఎదురుచూస్తున్నారని కూడా రాశాను.

ఈసారి జవాబుకి పదిరోజులు పట్టింది. ‘మధ్యలో కూర్చున్నాయన మా నాన్న. ఆయన ఉండే గదిలోకి నేను రాను. మీ తప్పేమీ లేదు. క్షమించండి.’ అంతే ఉంది.

వెర్నర్ ఉండేది రేవు పక్క ఎర్ర ఇటుకల ఇళ్ళలో, మొదటి అంతస్తులో. ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. ఎలా చెప్పాలో తెలియక జవాబు కాగితమే ఆయన చేతికిచ్చాను. వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. రెండోసారి చదివాడు.

“నేను ఫోటో పంపకుండా ఉండాల్సింది,” అన్నాను.

“నీకేం తెలుసమ్మా. చెప్పకుండా కూర్చున్నది నేను. వెనక వరసలో కూర్చుని దాని గొంతు విని వెళ్ళిపోదామనుకున్నాను.” కాగితం మడిచి ఇచ్చాడు. “ఆ ఫోటోలో నవ్వుతున్నాను కదూ నేను.”

“అవునండీ.”

“ఆ నవ్వు కూడా చూసుంటుంది.”

తర్వాత అడక్కుండానే చెప్పాడు. రోస్‌హోల్మ్ అనేది కూతురి తల్లి పుట్టింటి పేరట. కూతురు ఉద్యోగం మానేసి రాసుకుంటానని వెళ్ళిపోయినప్పుడు పెద్ద గొడవైందట. నీ చేత్తో తలుపేసుకుని పోతున్నావు, నీ చేత్తోనే తీసుకుని రావాలి, నేను పిలవను అన్నాడట. మూడేళ్ళు గడిచాయి. భార్య ఎల్సెబెత్‌కి ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేర్చారు. పదకొండు రోజులుంది.

“కూతురికి చెప్పావా అని రోజూ అడిగేది. చెప్పాను, వస్తోంది అనేవాణ్ణి. తలుపు చప్పుడైతే చాలు, చూసేది.”

“చెప్పలేదా మీరు?”

“లేదు. ముందు పంతం. తర్వాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే ఏమనాలో తెలియలేదు. రోజు గడిచేకొద్దీ చెప్పడం కష్టమైంది. పూడ్చిపెట్టాక ఉత్తరం రాశాను.” ఆయన గొంతు ఏమీ మారలేదు. “తొమ్మిదేళ్ళైంది.”

నాకు ఆయన మీద జాలి కలగాలో అసహ్యం కలగాలో తెలియలేదు. రెండూ కలిగాయి. ఆవిణ్ణి రావద్దని రాసేస్తాను, ఈ కార్యక్రమమే మానేద్దాం అన్నాను.

“వద్దు. రమ్మను, నేను రాను. ఒకసారి నా మూలాన అది రావలసిన చోటికి రాలేకపోయింది. రెండోసారి వద్దు.”

మే నెలలో మైకెన్ వచ్చింది. స్టేషన్‌కి నేనే వెళ్ళాను. నలభై దగ్గర పడుతున్న మనిషి, తండ్రి చెవులే. కారు ఎక్కకముందే అడిగింది, “ఆయన రావడం లేదు కదా?” రావడం లేదన్నాను. ఊపిరి వదిలి ఎక్కింది.

గదిలో ముప్ఫైమందికి పైగా ఉన్నారు. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. ఆమె రంగు వేసే కథే చదివింది. బాగా చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఓవె ఉండబట్టలేక నాన్న సంగతి అడగబోయాడు. గుద్రున్ బల్ల కింద ఆయన కాలు తొక్కింది. గుద్రున్‌కి సంగతి ఎవరూ చెప్పలేదు, ఖాళీగా ఉన్న మూల కుర్చీ చూసి తనే ఊహించుకుంది.

తిరుగు రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. ప్లాట్‌ఫాం మీద గాలి కొడుతోంది. ఇద్దరమే ఉన్నాం. నేను ఊరుకోవాల్సింది, ఊరుకోలేకపోయాను.

“మీ కథలు ఆయన మూడుసార్లు చదివారు,” అన్నాను.

“చాలామంది చదువుతారు.”

“ఒక్క కథలో...”

“ఒక్క కథలో కూడా ఎందుకు లేడని కదా. ప్రతి ఊళ్ళోనూ ఎవరో ఒకరు అడుగుతారు.” ఆమె కోపంగా లేదు, అలసిపోయినట్టుంది. “ఒక మనిషిని కథలో పెడితే వాణ్ణి అర్థం చేసుకోవాలండీ. లేకపోతే కథ నిలబడదు. నాకు ఆయన్ని అర్థం చేసుకోవాలని లేదు. అర్థమైతే క్షమించాల్సి వస్తుందేమో. నా దగ్గర మిగిలింది ఆ ఒక్కటే, క్షమించకపోవడం.”

కాసేపటికి ఆమే అంది, “అన్నిటికంటే నన్ను తినేసేది ఏంటో తెలుసా? అమ్మ నన్ను అడిగిందో, అడక్కుండానే పోయిందో కూడా నాకు తెలీదు. నేనంటే కోపంతోనే పోయిందేమో.”

నాకు తెలుసు. చెబితే ఈమెకి కాస్త ఊరట. ఆయనకి మాత్రం కూతురి దగ్గరికి మిగిలిన ఆ కాస్త దారీ మూసుకుపోతుంది. రైలు వస్తోందని మైకులో చెప్పారు.

“అడిగింది,” అన్నాను. “రోజూ అడిగిందట. మీరు వస్తున్నారని ఆయన చెబుతూ వచ్చారట. తలుపు వైపే చూసేదట.”

ఆమె నన్ను చూసి, “ఎవరు చెప్పారు?” అంది.

“ఆయనే.”

రైలు వచ్చి ఆగింది. ఆమె ఏడవలేదు. నా చేయి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేసి ఎక్కింది. కిటికీ దగ్గర కూర్చుని ఎదుటి సీటు వైపే చూస్తూ ఉంది, రైలు కదిలినా ఇటు తిరగలేదు.

మర్నాడు వెర్నర్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. కూతురు సన్నబడిందా అని ముందు అడిగాడు. లేదన్నాను. ఆస్పత్రి తలుపు సంగతి కూడా చెప్పేశానని చెప్పేటప్పుడు ఆయన ముఖం వైపు చూడలేకపోయాను.

“మంచి పని చేశావమ్మా. అది వాళ్ళమ్మ మాట. దానికి చెందాల్సింది. నేను తొమ్మిదేళ్ళు దాచుకున్నాను.”

“ఇకనైనా మీకు ఉత్తరం రాస్తుందేమో.”

“రాయదు,” అన్నాడు. నిజంగానే రాయలేదు.

జూన్‌లో ఆయన గుంపుకి రాలేదు. గుద్రున్ స్వయంగా వాళ్ళింటికి వెళ్ళింది. “నువ్వు ఏం చేశావో నేనడగను, అడగకూడదన్న నియమం పెట్టిందే నేను. వచ్చి కూర్చో చాలు,” అందట. ఆయన కాఫీ ఇచ్చి, మర్యాద చేసి, రానన్నాడట. మీరంతా నాతో బాగుంటారు, అందుకే రాలేను, నేనక్కడ కూర్చుని నవ్వుతుంటే కూతురి మీద గెలిచినట్టుంటుంది అన్నాడట. చెబుతూ గుద్రున్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆవిడ అలా చేయడం నేనెప్పుడూ చూడలేదు.

రాకపోయినా చదువుతాడని, నెలనెలా కథ జిరాక్సు తీసి ఆయన తలుపుకున్న ఉత్తరాల సందులోంచి లోపలికి వేసేదాన్ని. జూలైలో వేశాను, ఆగస్టులో వేశాను. సెప్టెంబరులో ఒకరోజు కిరాణా దుకాణంలో కనిపించాడు. బుట్టలో ఒక రొట్టె, పాలు. కొంచెం ఒంగిపోయాడు.

“కథలు అందుతున్నాయా?” అన్నాను.

“అందుతున్నాయమ్మా. చదువుతున్నాను.” బుట్ట చేయి మార్చుకుని, “ఇక వేయకు,” అన్నాడు.

“నచ్చడం లేదా?”

“నచ్చుతున్నాయి. చదివాక ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తోంది.”

మా వెనక వరసలో జనం ఉన్నారు. ఆయన ముందుకు జరిగి రొట్టె, పాలు తీసి బల్ల మీద పెట్టాడు. అక్టోబరు కథ నుంచి ఒక కాపీ తగ్గించి తీస్తున్నాను.